మేయర్ మొదటి ఏడాదిని దేనితో కొలవాలి?

హైదరాబాద్‌కి మేయర్‌గా ఎవరొచ్చినా ఏడాది తిరిగేసరికి మనందరం చేసేది ఒకటే. రోడ్ల మీద గుంతలు చూస్తాం, వానాకాలంలో వీధిలోకి నీళ్లొచ్చాయా అని చూస్తాం, చెత్త ఆటో రోజూ వస్తోందా లేదా చూస్తాం, దాన్నిబట్టి మార్కులేసేస్తాం. మార్కులు వెయ్యొద్దని నేననను, పన్ను కడుతున్నవాళ్లం, అడిగే హక్కు మనకి ఉంది. కానీ మనం మార్కులేస్తున్నది వేరేవాళ్లు రాసిన పేపరుకి. మేయర్ చేతిలో ఏముందో ఏం లేదో తెలుసుకోకుండా తిడుతూ పోతే, నిజంగా నిలదీయాల్సిన చోట నిలదీయకుండా వదిలేస్తాం. పోయినసారి సరిగ్గా అదే జరిగిందని నా అభిప్రాయం.

గత పాలకవర్గం ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి 10తో తీరిపోయింది. ఇక వచ్చేవాళ్లు ఏ పార్టీ అయినా సరే, వాళ్ల మొదటి ఏడాదిని ఎలా చూడాలో ముందే ఒక స్పష్టత ఉంటే మంచిది. అందుకని గద్వాల విజయలక్ష్మి గారు మేయర్‌గా ఉన్న మొదటి ఏడాదిని, అంటే 2021 ఫిబ్రవరి 11 నుంచి నడిచిన పన్నెండు నెలల్ని, ఇక్కడ కాస్త తీరిగ్గా చూద్దామనుకుంటున్నాను. ఆవిడ మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు, పక్షపాతమూ లేదు. ఆ తర్వాత 2024లో పార్టీ మారడం, దాని మీద జరిగిన రచ్చ, అదంతా వేరే కథ, దాని జోలికి పోను.

ముందు ఆ ఎన్నిక సంగతి చెప్పుకోవాలి. 2020 డిసెంబర్ 1న బ్యాలెట్ పేపర్లతో పోలింగ్ జరిగింది, ఓటర్లలో సగం మంది కూడా బయటికి రాలేదు. 150 డివిజన్లలో అప్పటి టీఆర్‌ఎస్‌కి 56, బీజేపీకి 48, మజ్లిస్‌కి 44, కాంగ్రెస్‌కి 2 వచ్చాయి. 2016లో ఇదే టీఆర్‌ఎస్‌కి 99 ఉండేవి, బీజేపీకి 4. అక్టోబర్ వరదలు వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు, ఇళ్లలోకి వచ్చిన బురద వాసన ఇంకా చాలామందికి ముక్కులోనే ఉంది, కాబట్టి జనం గట్టిగానే చెప్పారు. కానీ మేయర్ ఎవరన్నది మనం ఓటేసి తేల్చే విషయం కాదు కదా. పార్టీ నుంచి పేరు సీల్డ్ కవర్‌లో వచ్చింది, ఫిబ్రవరి 11న సభ్యులు చేతులెత్తారు, మజ్లిస్ మద్దతిచ్చింది, అయిపోయింది. చేతులెత్తినవాళ్లలో కార్పొరేటర్లే కాదు, ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) సభ్యుల హోదాలో ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కూడా ఉంటారు, అప్పుడు వాళ్ల సంఖ్య 44. మధ్యప్రదేశ్‌లో మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటారు. మనకి ఆ భాగ్యం లేదు. తనని ఎవరు కూర్చోబెట్టారో మేయర్‌కి బాగా తెలుసు, తర్వాత జరిగేదంతా అందులోంచే వస్తుంది.

ఇప్పుడు రోడ్ల దగ్గరికి వద్దాం. 2021లో మెయిన్ రోడ్డు మీద గుంత కనిపిస్తే మేయర్‌ని తిట్టినవాళ్లు చాలామందే. అయితే సీఆర్‌ఎంపీ అని ఒక పథకం ఉంది, దాని కింద నగరంలోని 709 కిలోమీటర్ల ప్రధాన రహదారుల నిర్వహణని ఐదేళ్లకి ప్రైవేటు ఏజెన్సీలకి అప్పజెప్పారు, ఖర్చు 1,839 కోట్లు. ఇది ఆవిడ రావడానికి ఏడాది ముందే కుదిరిన ఒప్పందం. గుంత పూడ్చాల్సింది ఏజెన్సీ, పూడ్చకపోతే జరిమానా వెయ్యాల్సింది ఇంజినీర్లు, ఆ ఇంజినీర్లని అడగాల్సింది కమిషనర్. మేయర్ మాట్లాడొచ్చు, కేకలెయ్యొచ్చు, ఫోటోలకి నిలబడొచ్చు, సంతకం మాత్రం ఆవిడది కాదు.

ఫ్లైఓవర్లదీ అంతే, కాకపోతే ఇక్కడ తిట్లకి బదులు పొగడ్తలు. ఆ ఏడాదిలోనే బాలానగర్ ఫ్లైఓవర్ తెరిచారు, 2021 డిసెంబర్ చివర్లో ఒవైసీ జంక్షన్‌ది, 2022 జనవరి 1న షేక్‌పేట్‌ది తెరిచారు. షేక్‌పేట్ దారిలో రోజూ తిరిగేవాళ్లకి అది ఎంత ఊరటో నాకు తెలుసు. కానీ బాలానగర్‌ది అసలు బల్దియా, అంటే మన కార్పొరేషన్, కట్టింది కాదు, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కట్టింది, పని 2017లోనే మొదలైంది. మిగతా రెండూ ఎస్‌ఆర్‌డీపీ అనే ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల పథకం కింద పాత పాలకవర్గం ఉన్నప్పుడు మొదలైనవి. రిబ్బన్ కట్ చేసినవాళ్లలో మున్సిపల్ మంత్రి ఉంటారు, మేయర్ పక్కన ఉంటారు. ఏ మేయరైనా మొదటి ఏడాదిలో ప్రారంభించే పెద్ద కట్టడం ఏదైనా సరే అంతకుముందువాళ్లు మొదలుపెట్టిందే అయ్యుంటుంది. దాన్ని ఆవిడ ఖాతాలో వెయ్యడం ఎంత తప్పో, గుంతల్ని వెయ్యడమూ అంతే తప్పు.

అసలు చట్టం ఏమంటోంది? మన కార్పొరేషన్ నడిచేది 1955 నాటి చట్టం మీద. అందులో కార్యనిర్వాహక అధికారం మొత్తం కమిషనర్‌ది. కమిషనర్ అంటే ఐఏఎస్ అధికారి, వేసేది ప్రభుత్వం, తీసేది ప్రభుత్వం. ఒక జోనల్ కమిషనర్‌ని బదిలీ చెయ్యాలన్నా మేయర్ వల్ల కాదు. ఏ పనికి డబ్బు ఎవరు మంజూరు చెయ్యాలన్నదానికి ఒక వరస ఉంది, కొంత మొత్తం దాకా కమిషనర్, అది దాటితే 15 మంది ఉండే స్టాండింగ్ కమిటీ, అదీ దాటితే కౌన్సిల్, ఇంకా పెద్దదైతే ప్రభుత్వమే. నల్లా నీళ్లు, డ్రైనేజీ చూసేది వాటర్ బోర్డు, అది వేరే సంస్థ, 1989 నుంచీ ఉంది. శివారు సర్కిళ్లలో మురుగునీటి లైన్లు అప్పటిదాకా బల్దియా కిందే ఉండేవి, 2021లో వాటినీ వాటర్ బోర్డుకి ఇచ్చేశారు. మెట్రో ఇంకొకళ్లది, కరెంటు ఇంకొకళ్లది, ట్రాఫిక్ పోలీసులది, పెద్ద లేఅవుట్లు హెచ్‌ఎండీఏవి. ఇంటి ముందు మ్యాన్‌హోల్ పొంగితే మనం ఎవరికి ఫోన్ చెయ్యాలో మనకే తెలీని పరిస్థితి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది, పన్నెండో షెడ్యూల్‌లో 18 పనులు రాసి ఇవి పట్టణ సంస్థలకి ఇవ్వచ్చు అన్నారు, ఆ 'ఇవ్వచ్చు' దగ్గరే రాష్ట్రాలన్నీ ఆగిపోయాయి. ఈ విషయంలో ఏ పార్టీ ప్రభుత్వాన్నీ వెనకేసుకురావడానికి లేదు.

మరి మేయర్‌కి ఏం మిగిలింది? కౌన్సిల్ మిగిలింది. సభని పిలిచేది మేయర్, అధ్యక్షత వహించేది మేయర్, ఎజెండాలో ఏముండాలన్నదాంట్లో మాట చెల్లేది మేయర్‌ది. స్టాండింగ్ కమిటీకీ ఆవిడే చైర్‌పర్సన్. పైగా నాలుగేళ్ల దాకా అవిశ్వాసం పెట్టడానికి వీల్లేదు, అంటే కుర్చీ పోతుందన్న టెన్షన్ లేకుండా పనిచేసుకోవచ్చు. కమిషనర్‌నీ, చీఫ్ ఇంజినీర్లనీ, జోనల్ కమిషనర్లనీ నగరం ప్రతినిధుల ముందు ఒకే హాల్లో కూర్చోబెట్టి జవాబు చెప్పించగలిగే చోటు అదొక్కటే. మేయర్‌కి ఉన్న బలం మొత్తం అందులోనే ఉంది. అందుకే నేను మొదటి ఏడాదిని కొలిచేటప్పుడు ముందు చూసేది కౌన్సిల్ ఎన్నిసార్లు కూర్చుంది, కూర్చుని ఏం చేసింది అని.

ఇక్కడే నాకు విజయలక్ష్మి గారి మొదటి ఏడాది మీద అసలైన ఫిర్యాదు. మూడు నెలలకోసారైనా సర్వసభ్య సమావేశం పెట్టాలి. ఫిబ్రవరి 11న ప్రమాణం చేస్తే మొదటి సమావేశం జరిగింది జూన్ 29న, అదీ ఆన్‌లైన్‌లో. నిజమే, మధ్యలో కరోనా సెకండ్ వేవ్ వచ్చింది, ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ కోసం, బెడ్ల కోసం జనం పరుగులు పెట్టిన రోజులవి, అప్పుడు వందమందికి పైగా సభ్యుల్ని ఒక హాల్లో కూర్చోబెట్టమని ఎవరూ అడగరు. కానీ ఆన్‌లైన్‌లో జూన్‌లో పెట్టగలిగింది ఏప్రిల్‌లో ఎందుకు పెట్టలేకపోయారు? అంత కష్టకాలంలోనే కదా ఏ డివిజన్‌లో ఏం జరుగుతోందో కార్పొరేటర్ నోటితో వినాల్సింది, శ్మశానాల దగ్గర సిబ్బంది సరిపోతున్నారా, సోడియం హైపోక్లోరైట్ పిచికారీ ఎక్కడ జరిగింది ఎక్కడ జరగలేదు, పారిశుద్ధ్య కార్మికులకి మాస్కులు, గ్లౌజులు అందాయా అని.

ఇంకో విషయం, ఆ జూన్ సమావేశంలోనే 5,600 కోట్ల బడ్జెట్‌కి ఆమోదం తెలిపారు. ఆర్థిక సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్ 1న. అంటే సంవత్సరంలో పావు వంతు గడిచిపోయాక, ఖర్చు ఎలాగూ జరిగిపోతున్నాక, ఆ ఖర్చు మీద చర్చ. ఎస్‌ఆర్‌డీపీ కోసం తెచ్చిన అప్పులు, వాటి మీద వడ్డీలు, 2018 నుంచి అమ్మిన మున్సిపల్ బాండ్లు (మొదటి 200 కోట్లకి వడ్డీ 8.9 శాతం, తర్వాతవాటికి ఇంకా ఎక్కువ), ఇవన్నీ తీర్చాల్సింది నగరం. కట్టిన ఫ్లైఓవర్ కళ్లకి కనిపిస్తుంది, తీర్చాల్సిన వాయిదా కనిపించదు. దాని గురించి గట్టిగా మాట్లాడాల్సిన ఒకే ఒక్క రోజుని కంప్యూటర్ తెరల మీద గొంతులు తెగిపోతున్న ఒక సమావేశంలో ముగించేశారు.

తర్వాత? జులై పోయింది, వానాకాలం మొత్తం పోయింది, కౌన్సిల్ లేదు. నవంబర్ 23న బీజేపీ కార్పొరేటర్లు సమావేశం పెట్టమని హెడ్డాఫీసుకి వచ్చి మేయర్ ఛాంబర్‌లోకి చొరబడ్డారు, అక్కడ వస్తువులు ధ్వంసమయ్యాయి, పోలీసులొచ్చారు. ఆ పద్ధతిని నేను ఒక్క క్షణం కూడా సమర్థించను. జనం పన్నుతో కొన్న ఫర్నిచర్‌ని పగలగొడితే జనానికి ఒరిగేదేముంది? కానీ వాళ్లు అడిగింది తప్పు కాదు. డిసెంబర్‌లో గానీ సభ్యులు ఎదురెదురుగా కూర్చునే సమావేశం జరగలేదు.

కౌన్సిల్ సమావేశం అంటే టీవీల్లో చూపించే పోడియం ముందు నినాదాలే అనుకుంటారు చాలామంది. అసలు విలువ ఉన్నది ప్రశ్నోత్తరాల్లో. కార్పొరేటర్ ముందుగా రాసిచ్చిన ప్రశ్నకి అధికారులు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఉదాహరణకి ఒక కార్పొరేటర్ తన సర్కిల్‌లో నాలాల (వాననీటి కాలువల) పూడికతీతకి ఎంత ఖర్చయింది, ఎన్ని టన్నులు తీశారు, ఎక్కడ పోశారు అని అడిగాడనుకోండి, ఆ జవాబు కాగితం మీదికి వస్తుంది, అది రికార్డు అవుతుంది, రేపు ఎవరైనా ఆర్టీఐ వేసినా, కోర్టుకెళ్లినా పనికొస్తుంది. కానీ మొదటి రెండు మూడు ప్రశ్నల దగ్గరే పార్టీల గొడవ మొదలై గంటలు కరిగిపోతాయి, భోజన విరామం వస్తుంది, ఆ తర్వాత ఎజెండా అంశాలు చర్చ లేకుండానే ఒకదాని వెంట ఒకటి పాసైపోతాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న మనిషి గట్టిగా నిలబడితే మారేది ఇదే. సొంత పార్టీ వాళ్లనీ కూర్చోమనాలి, ప్రతిపక్షానికీ మైకు ఇవ్వాలి, అధికారి నీళ్లు నమిలితే 'సమాచారం తెప్పించి సాయంత్రంలోపు ఇవ్వండి' అనాలి. దీనికి ప్రభుత్వం నిధులు ఇవ్వక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు.

నాలాల పేరెత్తాను కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ ఏడాది హైదరాబాద్‌కి అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకోటి లేదు. 2000 ఆగస్టు వరద తర్వాత నాలాల మీద కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ నివేదిక ఇచ్చింది. నాలాలు ఎక్కడెక్కడ ఇరుకయ్యాయి, ఎక్కడ వెడల్పు చెయ్యాలి అన్నది ఇరవై ఏళ్ల కిందటే కాగితాల మీద ఉంది. 2020 అక్టోబర్‌లో మళ్లీ మునిగాక, 2021లో నాలాల పనుల కోసం ఎస్‌ఎన్‌డీపీ అని ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు, మొదటి దశకి వందల కోట్లు కేటాయించారు. ఇది మంచి నిర్ణయం, ఆలస్యంగానైనా తీసుకున్నారు, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నిర్ణయం ప్రభుత్వానిదే అయినా దాన్ని ముందుకు నడిపించే బాధ్యతలో కొంత వాటా మేయర్‌దే.

కానీ పెద్ద నాలా వెడల్పు పనులు ఏళ్లు పడతాయి, భూసేకరణ ఉంటుంది, కోర్టు కేసులుంటాయి. ఆ ఏడాది చెయ్యగలిగింది పూడికతీత. ఏటా వానలకి ముందు టెండర్లు పిలుస్తారు, తీసిన పూడికకి లెక్కగట్టి బిల్లు చెల్లిస్తారు. నాలా పక్కన నివసించేవాళ్లని అడగండి, ఏం జరుగుతుందో చెప్తారు. జేసీబీ వస్తుంది, నల్లటి బురద, ప్లాస్టిక్ కవర్లు, పాత పరుపులు, కొబ్బరి బోండాలు అన్నీ తీసి గట్టు మీదే కుప్ప పోస్తుంది, ఆరాక లారీలో ఎత్తుకెళ్తామంటారు. లారీ వచ్చేలోపు వాన వస్తుంది. ఒక్క గట్టి వానకి సగం కుప్ప మళ్లీ నాలాలోకే జారిపోతుంది. సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాం నగర్ లాంటి కాలనీల వాళ్లకి ఇది ఏటా చూసేదే. 2021 వానాకాలంలోనూ వాళ్ల వీధుల్లోకి నీళ్లొచ్చాయి. వాన ఆపడం ఎవరి తరమూ కాదు, కానీ ఆ కుప్ప ఎన్ని రోజులు గట్టు మీద ఉందో అడగడం మేయర్ తరం అవుతుంది. జూన్‌లో, జులైలో, ఆగస్టులో స్టాండింగ్ కమిటీలోనో కౌన్సిల్‌లోనో సర్కిల్ వారీగా ఆ లెక్క బయటపెట్టించి ఉంటే, మొదటి ఏడాదికి నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి, నీళ్లొచ్చినా సరే వేసేవాణ్ణి.

ఆవిడ తిరగలేదని ఎవరూ అనలేరు. బస్తీలకి వెళ్లారు, తనిఖీలు చేశారు, వ్యాక్సిన్ శిబిరాల దగ్గర కనిపించారు. బల్దియా సిబ్బంది, వైద్య శాఖ కలిసి ఆ ఏడాది వ్యాక్సిన్ల విషయంలో చేసిన పని చిన్నదేం కాదు. కాలనీలకి బండ్లు పంపించి ఇంటి దగ్గరే వేయించారు. కానీ తనిఖీ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మేయర్ వస్తున్నారంటే ఆ వీధి ఒక్కటి ఊడుస్తారు, ఆవిడ కారు మలుపు తిరిగాక మళ్లీ మామూలే. ఒక వీధిలో నిలబడి ఒక సూపర్‌వైజర్‌ని మందలిస్తే ఆ ఒక్క సూపర్‌వైజర్ భయపడతాడు. కౌన్సిల్‌లో నిలబడి జోన్ మొత్తం లెక్క అడిగితే అన్ని జోన్లూ లెక్కలు సర్దుకోవాల్సి వస్తుంది.

న్యూయార్క్‌తో పోల్చి మాట్లాడేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు, అక్కడ మేయర్ ఇలా చేశాడు అలా చేశాడు అని. అక్కడ పోలీస్ కమిషనర్‌ని నియమించేది మేయరే, 2002 నుంచి బడులు కూడా మేయర్ కిందకే వచ్చాయి, కాబట్టి అక్కడ నేరాలు పెరిగితే మేయర్‌ని అడుగుతారు, బడి బాగోకపోతే మేయర్‌ని అడుగుతారు, అది న్యాయమే. అంత దూరం ఎందుకు, కోల్‌కతాలో మేయర్ ఇన్ కౌన్సిల్ పద్ధతి ఉంది, మేయర్, ఆయన బృందం మంత్రివర్గంలా శాఖలు పంచుకుని పనిచేస్తారు. మనకీ అది రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కానీ చట్టం మారేదాకా ఏమీ చెయ్యలేమని కూర్చోవడం మేయర్‌కి చెల్లదు. అధికారాలు లేవన్నది నిజమే, ఉన్న ఒక్కదాన్నీ వాడకపోవడం కూడా నిజమే, మొదటిది రెండోదానికి సాకు కాకూడదు. ఇంకా చెప్పాలంటే, అధికారాలు కావాలని ప్రభుత్వాన్ని అడగాల్సిన మొదటి మనిషి మేయరే. ఆ ఏడాదిలో కమిషనర్ అధికారాల్లో ఫలానాది కౌన్సిల్‌కి ఇవ్వండని ఒక తీర్మానం పెట్టి పంపి ఉంటే, ప్రభుత్వం పక్కన పడేసినా, చరిత్రలో ఉండేది. సొంత పార్టీయే ప్రభుత్వంలో ఉన్నప్పుడు అది అడగడం కష్టమని నాకు తెలుసు. సీల్డ్ కవర్‌లో పేరొచ్చిన మనిషికి ఇంకా కష్టం.

తప్పు ఆవిడ ఒక్కరిదేనా అంటే కాదు. కార్పొరేటర్లలో ఎంతమంది ప్రశ్నలు రాసిచ్చారు? గెలిచినవాళ్లలో సగం మంది మహిళలు, రిజర్వేషన్ వల్ల కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది, వాళ్లలో కొందరి బదులు భర్తలే ఆఫీసుల్లో, వీధుల్లో పెత్తనం చేస్తుంటే మనం చూస్తూ ఊరుకున్నాం. కొత్త సభ్యులకి బడ్జెట్ పుస్తకం ఎలా చదవాలో, ప్రశ్న ఎలా వెయ్యాలో నాలుగు రోజులు కూర్చోబెట్టి నేర్పించే పని మొదటి నెలలోనే జరగాలి. అది కూడా మేయర్ పూనుకుంటే అయ్యే పనే.

వచ్చే మేయర్ మొదటి ఏడాదికి నేను చూడబోయేవి ఇవే. ప్రమాణం చేసిన నెలలోపు ఏడాది మొత్తానికి కౌన్సిల్ తేదీలు ప్రకటించారా, బడ్జెట్ మీద మార్చి 31 లోపు చర్చ జరిగిందా, ప్రశ్నలకి వచ్చిన రాతపూర్వక జవాబులు తెలుగులో, ఉర్దూలో వెబ్‌సైట్‌లో పెట్టారా, వానాకాలంలో కనీసం ఒక్కసారైనా నాలాల లెక్క సభలో చదివి వినిపించారా. మా డివిజన్‌లో ఓటడగడానికి ఎవరొచ్చినా ఇవే అడుగుతాను. రోడ్డు వేయిస్తామని, లైట్లు పెట్టిస్తామని మాటిస్తే సరే అంటాను, ఆ తర్వాత మొదటి సమావేశంలో నువ్వు రాసిచ్చే ప్రశ్న ఏంటో చెప్పు బాబూ అని అడుగుతాను. మీ గుమ్మంలోకి వచ్చినవాళ్లనీ అడగండి, వాళ్లు చెప్పిన ప్రశ్నని కింద కామెంట్లలో డివిజన్ పేరుతో సహా రాయండి, గెలిచాక ఎవరు వేశారో ఎవరు వెయ్యలేదో మనమే చూద్దాం.